పిల్లరుకు మూడడుగుల దూరం

ఫొటోగ్రాఫరుకు భయాలెక్కువ. బొద్దింకన్నా భయమే, లిఫ్టన్నా భయమే. జనం మీద పడతారని మూల నుంచే జూమ్ లెన్సుతో పని కానిచ్చేస్తాడని తోటివాళ్లు ఆటపట్టిస్తారు. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం అక్కావాళ్ల అపార్ట్‌మెంటు సెల్లారు మెట్ల మీద నిలబడి, కిందికి దిగాలా వద్దా అని గింజుకుంటున్నాడు.

సెల్లారులో మధ్య పిల్లరుకు పగులొచ్చింది. నెల క్రితం ఇంజినీరు వచ్చి, "ఇది ఆగిందా, పెరుగుతోందా అన్నదే ముఖ్యం. పెరిగితే ఒక్కరు కూడా లోపల ఉండకూడదు" అన్నాడు. పిల్లరుకు మూడడుగుల దూరంలో నేల మీద రంగుతో గీత గీయించి, ఇతన్ని అక్కడ నిలబడి, జూమ్ లేని ఫిక్స్‌డ్ లెన్సుతో ఫొటో తీయమన్నాడు. తీశాడు. పగులు ఫొటో కింది అంచు నుంచి పై అంచు దాకా సరిగ్గా పట్టింది. ఇవాళ అదే గీత మీద నుంచి, అదే లెన్సుతో మళ్లీ తీయాలి. ఆ పిల్లరు మీదే, మొదటి అంతస్తులో, అక్క కాపురం.

సంచిలో రెండు లెన్సులూ ఉన్నాయి. ఫిక్స్‌డ్ లెన్సయితే గీత దాకా నడవాలి. జూమ్ అయితే మెట్ల మీద నుంచే పని అయిపోతుంది. ఇంతలో పైకప్పు నుంచి సున్నం పెచ్చు ఒకటి టప్పున రాలింది. ఇంకేం ఆలోచించలేదు, జూమ్ తగిలించేశాడు.

పాత ఫొటోను ఫోన్‌లో ఎదురుగా పెట్టుకుని, పగులు అంతే వచ్చేదాకా లెన్సు మీది రింగు తిప్పి, నొక్కాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చు గుద్దినట్టున్నాయి. ప్రాణం లేచొచ్చింది.

"అక్కా, ఏం పెరగలేదే! భయం లేదు" అని ఫోన్ చేసి చెప్పేశాడు.

"పిరికిసన్నాసివి, నువ్వే భయం లేదంటే ఇంకేం కావాలి!" అని నవ్వింది అక్క. "నెల నుంచి పిల్లదాన్ని సెల్లారులో ఆడుకోనివ్వకుండా కట్టేసినట్టు కూర్చోబెట్టానురా."

జూమ్ విప్పబోతుంటే రింగు మీద అతని చెయ్యి ఆగిపోయింది. అంతే వచ్చేదాకా తిప్పింది తనే కదా! పగులు జానెడున్నా బారెడున్నా, తిప్పితే అంతే వస్తుంది. సరిపోయేలా తీసి, సరిపోయిందని సంబరపడ్డాడు.

మళ్లీ ఫోన్ చేసి ఏమని చెప్పాలి? పెరిగిందో లేదో తనకే తెలియదు. తెలియాలంటే దిగాలి. ఫిక్స్‌డ్ లెన్సు తగిలించి, అడుగడుక్కీ పైకప్పు వంక చూసుకుంటూ, గీత మీదికి వెళ్లి కెమెరా కంటికి ఆనించాడు.

పగులు పట్టలేదు. ఫొటో పై అంచు దాటి ఇంకా పైకి పోయింది. ఒక అడుగు వెనక్కి వేయబోయాడు. వేస్తే పట్టేస్తుంది, మళ్లీ అబద్ధమవుతుంది. కదలకుండా గీత మీద నుంచే నొక్కాడు.

వెనక చెప్పుల చప్పుడైంది. అక్క కూతురు పరుగున వచ్చి, పిల్లరుకు ఆనించి ఉన్న తన సైకిల్ హ్యాండిల్ పట్టుకుంది.

"భయం లేదని నువ్వు చెప్పావటగా మావయ్యా, అమ్మ వెళ్లమంది."

పిల్లను చంకనేసుకుని పరుగెత్తాడు. మెట్లెలా ఎక్కాడో అతనికే తెలియదు. ప్రతి తలుపూ దబదబా బాదాడు, గొంతు పోయేలా అరిచాడు.

కాసేపటికి అందరూ వీధిలో ఉన్నారు. ఎవర్నీ లోపలికి పోనివ్వొద్దని ఇంజినీరు ఫోన్‌లో కేకలేశాడు. అక్క తడిచేతులతోనే వచ్చి కూతుర్ని లాక్కుంది.

"ఇందాకే భయం లేదన్నావు కదరా?"

"మెట్ల మీద నుంచి చూసి చెప్పానక్కా."

అక్క తిట్టలేదు. పిల్లను రెండు చేతులా అదుముకుని, అతని పక్క నుంచి కాస్త అవతలికి జరిగి నిలబడింది.