ఎవరికైనా తట్టేదే

భోజనం గంట కొట్టేసరికి వెర్న్ టాల్బట్ తన సంతకం కోసం కంపెనీ లాయరు రాసిచ్చిన పదకొండు పేజీల కోర్టు వాంగ్మూలాన్ని మూడోసారి చదవడం ముగించాడు. అతని పేరు ఒక్కచోటే ఉంది. పక్కన "సహాయకుడు" అని రాశారు.

డాండెనాంగ్ పారిశ్రామికవాడలో ఇనప గొట్టాలు కోసే యంత్రాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో అతనిది ఇరవై ఆరేళ్ల ఉద్యోగం. కోత చివరికొచ్చేసరికి గొట్టం వణికి రంపం పళ్లు విరిగేవి. రంపంతోపాటే కదులుతూ గొట్టాన్ని కిందనుంచి పట్టి ఉంచే రోలరును అమర్చింది అతనే. భార్య పోయిన ఏడాది, ఇంటికెళ్లబుద్ధి కాని శనివారాలన్నీ దానికే పెట్టాడు. పదిహేడు రోలర్లు పాడయ్యాక పద్దెనిమిదోది నిలిచింది.

ఆ మాట చెప్తే యజమాని గ్రెయిగ్ నవ్వాడు. "ఇదేం బ్రహ్మవిద్య వెర్న్? ఎవరికైనా తట్టేదే." ఆ తర్వాత తన పేరున పేటెంటు తీసుకున్నాడు.

ఇప్పుడు పోటీ కంపెనీ అదే రోలరు పెట్టి యంత్రాలమ్ముతోంది. పని తెలిసిన ఎవడికైనా తట్టేదానికి పేటెంటేమిటని కోర్టుకెక్కింది.

"అదెంత కష్టమైన పనో కోర్టుకి నువ్వే చెప్పాలి," అన్నాడు గ్రెయిగ్.

"చెప్తా, నేను పడ్డ కష్టం చెప్తా. ఇందులో నువ్వు పడ్డావని రాశారే?"

"కనిపెట్టినవాడిగా పేటెంటులో నా పేరుంది కదయ్యా. ఇప్పుడు మారిస్తే అవతలివాళ్లు పీక పట్టుకుంటారు. పేటెంటు పోతే ముప్పైమంది రోడ్డున పడతారు."

ఆ ముప్పైమందీ ఆఫీసు గది అద్దం అవతల తింటూ ఇటే చూస్తున్నారు. పక్క యంత్రం దగ్గర పనిచేసే దుషాన్ పొద్దున్నే అన్నాడు: "సంతకం గీకెయ్ ముసలోడా. పేరేమన్నా కూడు పెడుతుందా? నాకిద్దరు పిల్లలు."

వెర్న్‌కి కోపం రాలేదు. ఖాళీ షెడ్డులో తన దగ్గు తనకే వినిపించిన ఆ శనివారాలు గుర్తొచ్చాయి.

కాగితాలు బల్లమీద పెట్టేశాడు.

"అక్కడ నువ్వు లేవు గ్రెయిగ్. ఇంకెవ్వరూ లేరు. నేను సంతకం పెట్టను."

బయటికొచ్చాడు. బెంచీమీద ఎవరూ జరిగి చోటివ్వలేదు. తినకుండానే పనిలోకి వెళ్లాడు. ఆరు మీటర్ల గొట్టం ఎత్తాలంటే ఇద్దరుండాలి. ఒక కొస భుజానికెత్తుకుని, "దుషాన్!" అని పిలిచాడు.

రెండో కొస నేలమీదే ఉంది. దుషాన్ చేతి తొడుగులు వేసుకున్నాడు. తీశాడు. మళ్లీ ఒకటి వేసుకుని, అక్కడే నిలబడిపోయాడు.