కట్టయ్య కళ్లు

1979లో మా స్టూడియో యజమాని కిషన్ రావు హైదరాబాదు నుంచి రెండు కటకాల కెమెరా, దానితోపాటు కళ్లకు ఆనించుకుని చూసే డబ్బా ఒకటి తెచ్చాడు. ఆ కెమెరా ఒకేసారి తీసిన రెండు ఫోటోలను డబ్బాలో పక్కపక్కన పెడితే అవి ఒక్కటై, మనిషి ఎదుట కూర్చున్నట్టే కనిపించేవాడు. అంతా కలిపి పద్దెనిమిది వందలు. ఆ డబ్బుతో మా ఊరి నేతగాళ్ల పేట కొత్తవాడలో రెండు మగ్గాలు వచ్చేవి.

సరుకును ఊరూరికీ మోసుకుపోకుండా ఇందులోనే చూపించవచ్చని ఆయన జంపఖానాల వ్యాపారి సత్యనారాయణకు చెప్పాడు.

"జంపఖానాను చేతితోని పిసికి సూస్తరు కిషన్ రావు సాబ్. గీ డబ్బాల ఏం పిసుకుతరు?" అని సత్యనారాయణ నవ్వుకుంటూ పోయాడు.

డబ్బాకు దుమ్ము పట్టింది.

నేను అక్కడ ఫోటోలకు రంగులు దిద్దేవాణ్ణి. బతికుండగా ఫోటో దిగనివాళ్లకు చనిపోయాక తీయించేవారు. మూసిన రెప్పల మీద కళ్లు వేయడం నా పని. పోయినవాళ్ల చూపు నాకేం తెలుసు? అద్దం ఎదుట పెట్టుకుని నా కళ్లే చూసి వేసేవాణ్ణి. పరకాల నుంచి ములుగు దాకా ఎన్ని గోడల మీద, దండల మధ్య నుంచి, నా కళ్లు చూస్తున్నాయో! ఆ ఆలోచన వచ్చినప్పుడు కుంచె కింద పెట్టేవాణ్ణి. మళ్లీ తీసుకునేవాణ్ణి.

ఒక ఉదయం కట్టయ్య అనే నేతగాడు పోయాడు. కొత్త కెమెరాను ఏదో ఒకదానికి వాడాలని కిషన్ రావు దానితోనే ఫోటో తీశాడు. కట్టయ్య భార్య లింగమ్మ నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"కొట్లాడుకున్నం సారూ. మూడొద్దులు నా దిక్కు సూడలే. గట్లనే పోయిండు. ఒక్కసారి నా దిక్కు సూసేటట్టు ఎయ్యుండ్లి."

రెండు ఫోటోలలోనూ వేశాను. ఎప్పటిలాగే పలచటి కాగితం మీద కళ్లు గీసుకుని, అంచు నుంచి కొలిచి, రెంటిలోనూ ఒకే చోట అద్దాను. డబ్బాలో పెట్టి చూశాకే తప్పు తెలిసింది. రెండు కటకాలు రెండు చోట్ల నుంచి చూసినందువల్ల ముఖం రెండు ఫోటోలలో వెంట్రుకవాసి తేడాతో ఉంది. కళ్లకు ఆ తేడా లేదు. అందుకే ముఖం వెనకే ఉండిపోయి, కళ్లు బియ్యపుగింజంత ముందుకు వచ్చి గాలిలో నిలబడ్డాయి. వాటి వెనక ముఖం నిద్రపోతూనే ఉంది.

దిద్దేలోగా లింగమ్మ వచ్చి డబ్బా అందుకుంది. చాలాసేపు చూసింది.

"సూస్తాండు," అంది. డబ్బాను ఇంకాస్త దగ్గరగా ఆనించుకుని, "గని ఈయన నా మొగడు కాదు," అంది.

డబ్బా దించి నా ముఖంలోకి చూసింది. చూపు తిప్పుకోలేకపోయాను.

"మీ కండ్లు మీరు తీస్కోండ్లి సారూ. ఆయన సూడకపోతె సూడకపాయె. ఆయన మొకం నాకియ్యుండ్లి."

తడి దూదితో రంగు తుడిచాను. మూసిన రెప్పలు బయటపడ్డాయి. ఈసారి చూస్తూ ఏడ్చింది. "ఇంకా కోపం తగ్గలే ముసలోనికి," అంటూ కన్నీళ్లు పడిన డబ్బా అద్దాలను కొంగుతో తుడిచింది.

ఆమె వెళ్లాక కుంచె కడిగి, అలవాటుగా అద్దంలోకి చూశాను. నా కళ్లు ముఖానికి బియ్యపుగింజంత ముందు నిలబడి ఉన్నాయి.

రెప్పలు మూసుకున్నాను. అయినా అద్దం కనిపిస్తూనే ఉంది. అందులో రెప్పలు మూసుకున్న నా ముఖం, దాని ముందు ఆ రెండు కళ్లు.