దుప్పటి కింద స్కూటర్

తమ్ముడు ఒక ప్రకటనల కంపెనీలో పనిచేసేవాడు. ఆ ఏడు వాడికి దక్కిన పెద్ద పని అద్దె స్కూటర్ల ప్రచారం. నిలబడి నడిపే కరెంటు బండ్లవి. వీధి మూలన ఆగి ఉన్నదాన్ని ఫోన్‌తో తెరుచుకుని ఎవరైనా వెళ్ళొచ్చు, దిగినచోట ఇంకొకరి కోసం వదిలేయాలి. "ఈ బండి మనందరిదీ" అన్న మాట వాడు రాసిందే. ఆ ముక్క రాసినందుకు ఊరినంతా ఉద్ధరించినట్టు పోజు కొట్టేవాడు. అన్నం ముందు కూర్చున్నా కార్లున్నవాళ్ళ స్వార్థం మీద ఉపన్యాసమే.

వాడు ఉంటున్నది అక్క ఇంట్లో. ఆసుపత్రిలో ఆపరేషన్లయినవాళ్ళను మళ్ళీ నడిపించడం అక్క పని. తెల్లవారగానే బయల్దేరాలి. కొన్నాళ్ళుగా ఫోన్‌లో చూస్తే స్కూటర్ తమ భవనంలోనే ఉన్నట్టు చూపించేది. కిందికి దిగితే ఉండేది కాదు. మోటారు గది వెనక, మెట్ల కింద, చెత్త డబ్బాల పక్కన వెతికి వెతికి, చివరికి బస్సు కోసం పరుగెత్తేది.

"నీ స్కూటర్లకి దెయ్యం పట్టిందిరా" అంది ఒకరోజు.

"ముందు ఆ ఫోన్ మార్చక్కా. పాత ఫోన్లు అలాగే చూపిస్తాయి" అన్నాడు వాడు, కాఫీ కప్పులోంచి తలెత్తకుండా.

ఒక ఉదయం ఆ వెతుకులాటలోనే బస్సు తప్పిపోయింది. తుంటికి ఆపరేషనైన టైలరమ్మ అక్క కోసం చూసి చూసి, తనంతట తానే లేవబోయి పడింది. ఎముకకేం కాలేదు గానీ, కూడదీసుకున్న ధైర్యమంతా జారిపోయింది. "నన్నిక లేపొద్దమ్మా" అంటూ మంచం కడ్డీ పట్టుకుని ఏడ్చింది. పెద్ద డాక్టరు అందరి ముందూ అక్కను కడిగేశాడు.

సాయంత్రం అక్క ఇంటికొచ్చి, భవనం గుమ్మంలోనే నిలబడి ఫోన్ తీసింది. ఈసారీ బండి అక్కడే ఉందంటోంది. పక్కన చిన్న గంట బొమ్మ కనిపించింది. నొక్కితే బండి కూత పెడుతుందట. నొక్కింది. కూత పైనుంచి వచ్చింది. మెట్లెక్కేకొద్దీ దగ్గరైంది. తమ ఇంట్లోంచే, తమ్ముడి గదిలోంచే వస్తోంది. బీరువాకీ గోడకీ మధ్య, దుప్పటి కప్పుకుని అరుస్తోంది స్కూటర్.

మంచం మీద పడుకున్నవాడు దిగ్గున లేచాడు. "ఎవరైనా ఎత్తుకుపోతారని లోపల పెట్టానక్కా."

"అందరి బండే కదరా?"

"అందరూ సరిగ్గా వాడరు. ఎక్కడపడితే అక్కడ పడేస్తారు. నేనైతే జాగ్రత్తగా..."

"నేను పొద్దున్నే మెట్ల కింద దూరి వెతుకుతుంటే చూస్తూ ఊరుకున్నావు."

"నీకు బస్సుంది కదక్కా. బస్సెక్కితే నా చొక్కా నలిగిపోతుంది."

టైలరమ్మ పడిన సంగతి చెబుదామనుకుంది అక్క. చొక్కా మాట విన్నాక నోరు రాలేదు. ఆ మనిషి ఏడుపు వీడి చెవిన వేయడమే టైలరమ్మను అవమానించడం అనిపించింది. దుప్పటి లాగి పారేసి, బండిని లిఫ్టులోకి తోసింది. ఇరుగుపొరుగు తలుపుల్లోంచి తొంగిచూస్తున్నారు.

"అక్కా, మెల్లిగా. పరువు పోతుంది" అని గొణుగుతూ వెంటపడ్డాడు వాడు.

వీధి అంచున నిలబెట్టిందో లేదో, భుజాన సంచీతో ఒక అమ్మాయి వచ్చి, ఫోన్‌తో తెరిచి బండెక్కింది.

"ఏయ్, అది నాది!" అని అరిచాడు ప్రచారకర్త.

ఆ అమ్మాయి వాణ్ణి ఎగాదిగా చూసింది. "మీ పేరేమైనా రాసుందా?" అని సాగిపోయింది.

అక్క నవ్వలేదు. వాడి వైపు తిరగకుండానే, "వేరే గది చూసుకో" అంది.

టైలరమ్మ మళ్ళీ మంచం దిగడానికి చాలా రోజులు పట్టింది. దిగిన రోజున అక్క చెయ్యి వదలకుండానే కిటికీదాకా నడిచింది.

తమ్ముడు స్నేహితుల గదికి మారాడు. బారెడు పొద్దెక్కాక లేచి కిందికొచ్చేసరికి అక్కడ ఒక్క స్కూటరూ మిగలడం లేదు. కనిపించిన ప్రతివాడితోనూ అంటున్నాడట, "ఈ జనానికి పంచుకోవడం తెలీదు" అని.