ఏడో నంబరు దింపిన మట్టి

పొద్దున్నే కట్ట మీద నడకకు వచ్చేవాళ్ళు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటారు. ఉత్తకాళ్ళకే చప్పుడు బాగా తెలుస్తుంది. నలభై ఏళ్ళ కిందట స్క్రేపర్లు పరిచిన కట్ట అది. ఎక్కడ అడుగు వేస్తే అక్కడి మట్టి, తనను పరిచిన రోజు యంత్రం ఎలా మోగిందో అలాగే మోగుతుంది. బడి ఎదుట నాలుగో నంబరు బండి దగ్గుతుంది. తూము దగ్గర రెండో నంబరు గేరు పడక గింజుకుంటుంది. ఎంత జోకొట్టినా నిద్రపోని పిల్లల్ని తల్లులు తొమ్మిదో నంబరు పరిచిన జాగాకు ఎత్తుకొస్తారు. ఆ ఇంజనుది మెత్తటి గొంతు. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు కూడా రెండు రోజులు విని, మూడో రోజు నుంచి ఆ చప్పుడు మీదే కబుర్లు చెప్పుకుంటారు.

స్క్రేపర్ అంటే ఇప్పటివాళ్ళకు తెలియదు. ముందు ఇంజను, వెనక గదంత ఇనుపతొట్టి, తొట్టి కింద కత్తి. కత్తి దించి నడిపితే వడ్రంగి చిత్రిక పట్టినట్టు నేలను గీకి పొట్టలో వేసుకుంటుంది. కట్ట మీదికి పోయి, తలుపెత్తి, జానెడు మందాన పరుస్తుంది. రోలర్ వచ్చి తొక్కుతుంది. దాని మీద మరో పొర. కొండంత కట్ట లేచింది జానెడు జానెడుగానే. దాన్ని చూసి ఫొటోలు దిగేవాళ్ళకు ఆ జానెళ్ళ లెక్క పట్టదు.

ఏడో నంబరును పదకొండేళ్ళు నడిపింది ఒక ఆడమనిషి. ఇప్పుడామెకు డెబ్బై రెండు. కట్ట కింది వీధిలో అందరూ ఆమెను ఏడో నంబరమ్మ అనే పిలుస్తారు. పక్కింట్లో ఆమె మరిది, రిటైరైన బస్సు కండక్టరు. కట్ట పని జరిగే రోజుల్లో ఆ దారిన పోతూ బస్సాపించి మరీ బండ్లు చూసేవాడు. ప్రయాణికులు నానా తిట్లూ తిట్టేవాళ్ళు. ఏ నంబరు ఎటు పోయిందో చిత్తుకాగితాల మీద రాసుకునేవాడు. కళ్ళు మూసుకుని ఇంజను గొంతు వింటే చాలు, నంబరు చెప్పేస్తాడు. ఒక్కసారీ తప్పలేదు.

ఈ ఏడాది కట్ట వెనక వాలులో, వీధివైపు, బారెడు బారెడు దూరాన తడి కనిపించింది. ఇంజనీరమ్మ వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. వీధి జనాన్ని పోగుచేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"లోపల ఎక్కడో చెడ్డమట్టి ఉంది. ఎక్కడో తెలిస్తే ఆ ముక్క తవ్వి బాగుచేస్తాం. తెలియకపోతే శుక్రవారం నీళ్ళన్నీ వదిలేసి కట్ట విప్పాలి. వీధి ఖాళీ చెయ్యాలి."

"తడి ఉన్నచోటే తవ్వరాదా?" అన్నాడు కండక్టరు.

"నీళ్ళు దొంగలాంటివి బాబాయ్. దూరినచోట బయటపడవు."

"మళ్ళీ ఎప్పుడు రావచ్చు మేము?" అంది ఏడో నంబరమ్మ.

ఇంజనీరమ్మ తల దించుకుంది. "రావడం ఉండదమ్మా. విప్పితే కట్టను వెడల్పు చేస్తారు. ఈ వీధి దాని కిందికి పోతుంది."

తొంభై ఇళ్ళు. కట్ట కట్టినవాళ్ళు, కట్ట మిగిల్చిన రాళ్ళతో కట్టుకున్న ఇళ్ళు. ఎవరి చెమట మీద ఎవరు పడుకోవాలో ఆఫీసుల్లో తేల్చేస్తారు, అంతే!

ఏడో నంబరమ్మ ఇంటికి పోయి కొడవలి తెచ్చింది. "పద మరిదీ. నంబరు నువ్వు చెప్పు. ఆ బండి ఏం చేస్తోందో నేను చెప్తా."

కట్ట పైన నడిస్తే పైపొరలే మోగుతాయి. వెనక వాలు ఎక్కుతుంటే అయితే ఒక్కో అడుగూ ఒక్కో ఏడాది. కానీ అక్కడంతా ముళ్ళపొదలు; ఎవరూ కాలు పెట్టరు. ఆమె అయితే నలభై ఏళ్ళుగా అటు తల కూడా తిప్పలేదు. ఎందుకో ఆమెకొక్కదానికే తెలుసు. రెండు మేడల ఎత్తున ఉండాలి ఆ పొర. పొడవులో ఎక్కడన్నది మాత్రం గుర్తులేదు. ఆ సాయంత్రం దుమ్ములో చెయ్యి చాపితే చెయ్యే కనిపించలేదు.

ఇంజనీరమ్మ కూడా వెంట వచ్చింది. పొదలు నరుక్కుంటూ ముగ్గురూ ఆ ఎత్తునే పట్టుకుని నడిచారు.

"అయిదు," అన్నాడు కండక్టరు.

"పల్చగా పరుస్తోంది. పద."

"ఒకటి. వీడి గొంతు చూడు వదినా, పెళ్ళివారి మీద అలిగిన పెద్దమనిషిలా!"

"నీ సోది ఆపి నడువు. ముళ్ళు నాకు గుచ్చుకుంటున్నాయి."

రెండు రోజులు అలాగే గడిచాయి. గురువారం మధ్యాహ్నం ఒకచోట అడుగు పడగానే, నిండుతొట్టితో ఒక బండి మూలుగుతూ వచ్చింది. ఆగింది. చాలాసేపు ఊరికే ఇంజను ఆడుతూ నిలబడింది. తర్వాత తలుపు పూర్తిగా లేచి, మట్టంతా ఒక్కసారే కుప్పగా పడింది. ఖాళీబండి పెద్ద గేరులో పారిపోయింది.

కండక్టరు కళ్ళు తెరిచాడు. వదిన ముఖం చూడలేదు.

"నాలుగో నంబరు," అన్నాడు. "బాగానే పరిచాడు. పదండి."

"ఇంకోసారి చెప్పు."

"నాలుగే వదినా."

"ఇన్నేళ్ళూ లేని చెవుడు ఇవాళ నా కోసం తెచ్చుకోకు. అది నా బండి."

అక్కడే ముళ్ళ మధ్య కూలబడి ఇంజనీరమ్మకు చెప్పింది. "ఆ రోజుకు నా ఆఖరి ట్రిప్పు. కత్తి లోతుగా దిగింది. కట్టెక్కి చూసుకుంటే తొట్టెడూ ఇసక. వెనక్కి తీసుకుపోయి పారబొయ్యాలి, అదీ పద్ధతి. ఆ వారం అప్పటికే ఒకసారి అలా పోయాను. మేస్త్రి ఏమన్నాడో తెలుసా? 'ఆడదాని చేతికి బండిస్తే ఇంతే, పుట్టింటికీ అత్తింటికీ మూటలు మోసినట్టు మట్టి మోస్తుంది' అన్నాడు. నలభై మంది మగాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. మళ్ళీ ఆ నవ్వు వినలేక ఇక్కడ కుమ్మరించి పోయాను. వెనకొచ్చిన బండి దాన్ని కప్పేసింది."

"రిపోర్టులో మీ సంగతి రాయాల్సొస్తుందమ్మా."

"పెద్దక్షరాలతో రాయి. నవ్విన సంగతీ రాయి. సగం ఇసక వాళ్ళదే."

ఆ సాయంత్రం నుంచే నీళ్ళు వదిలి, మట్టం ఆ పొర కిందికి దించారు. తవ్వితే గదంత ఇసక బయటపడింది. మళ్ళీ నింపడానికి కొత్త యంత్రాలు రావాలంటే పది రోజులు. ఏడో నంబరు మాత్రం ఇంకా ఆఫీసు షెడ్డులోనే ఉంది. ఇంజనీరమ్మ తాళం తెచ్చి ఏడో నంబరమ్మ చేతిలో పెట్టింది.

శనివారం పొద్దున ఆమె సీటెక్కింది. నల్లపొగ ఒక్కసారి కక్కి ఇంజను పలికింది. వీధి వీధంతా కట్ట కింద నిలబడింది. కట్ట కింద మట్టి తీసే గోతిలో కత్తి దించి బంకమట్టి గీకింది, కట్టెక్కి జానెడు మందాన పరిచింది. రోలర్ తొక్కింది. అలా ఆరు ట్రిప్పులు. ఏడో ట్రిప్పులో కట్టెక్కి, బండాపి, దిగి, తొట్టిలో చెయ్యి పెట్టి చూసింది. మట్టిలో గులకరాళ్ళు.

మళ్ళీ సీటెక్కింది. నిండుతొట్టితో బండి వెనక్కి తిప్పింది. అందరి కళ్ళ ముందూ, మొదటి గేరులో, తాపీగా, తల ఎత్తుకుని కట్ట దిగింది.

ఒక్కరూ నవ్వలేదు. కండక్టరు రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు.

"రైట్ రైట్! పోనీ వదినా, పోనీ!"

వీధంతా ఆ కేకే అందుకుంది. "రైట్ రైట్!"

పదిహేను రోజుల్లో తడి ఆరింది. శుక్రవారం కోసం కట్టిన మూటలు తొంభై ఇళ్ళలోనూ విప్పుకున్నారు. ఇంజనీరమ్మ మళ్ళీ వచ్చింది, చేతిలో కాగితంతో.

"అవతలి లోయలో కట్టకు తడి పట్టిందమ్మా. ఎవరు కట్టారో, ఏ బండ్లు తిరిగాయో చెప్పేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. దాని తర్వాత ఇంకా ఆరు కట్టలున్నాయి. వినేపని మీకూ బాబాయికీ ఇచ్చారు. జీతం, జీపు అన్నీ ఉన్నాయి. ఎప్పుడు బయల్దేరతారు?"

ఏడో నంబరమ్మ కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. మడిచి నడుముకు దోపుకుంది.

"జీపెందుకే పిల్లా," అంది. "ఏడో నంబరుకు డీజిలు పోయించు. నడుపుకుంటూ వస్తా."