అరిగిన కాణీ

ఆదోని స్టేషను వెనక ఒక జిన్నింగు మిల్లు ఉండేది. పత్తి నుంచి గింజను వేరుచేసే మిషన్లు అందులో ఎనిమిది. ఆ ఎనిమిదింటికీ ఫిట్టరు అబ్దుల్ గనీ. ఇరవై రెండేళ్లుగా ఆయనే. ఏ మిషనుకు ఏ బోల్టు ఎంత బిగించాలో ఆయన చేతికి తెలుసు, నోటికి మాత్రం తెలియదు. ఎవరైనా అడిగితే "మామూలుగానే" అనేవాడు.

ఆయన కుడికంటికి పొర వచ్చి మూడేళ్లయింది. ఎడమకంట్లో కూడా మబ్బు మొదలైంది. ఎమ్మిగనూరులో ఏటా జనవరిలో ఒక బడిలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టేవాళ్లు. డాక్టర్లు ఎక్కడి నుంచో వచ్చి, పది రోజులు ఉండి, వెళ్లిపోయేవాళ్లు. జనవరి అంటే మిల్లుకు మంచి సీజను. ఆ సంగతి డాక్టర్లకు ఎవరూ చెప్పలేదు.

డెబ్బై ఎనిమిదిలో గనీ వెళ్లాడు. చీటీ తీసుకుని వరుసలో కూర్చున్నాడు. ఆయన నంబరు నలభై ఒకటి. ముప్పై ఎనిమిదో మనిషిని లోపలికి పిలిచినప్పుడు గేటు దగ్గర మిల్లు జీపు ఆగింది. అందులోంచి గుమస్తా గురురాజ దిగాడు.

"గనీ సాబ్, మూడు మిషన్లు గింజ నలుపుతాండాయి. దూదికంతా నూనె మరక. సేటు పిల్సుకోని రమ్మన్యాడు."

"ఇంగ ముగ్గురే ఉండారప్పా నాకంటే ముందర."

"నాకూ కనబడతాండాది" అన్నాడు గురురాజ.

గనీ తన చీటీని వెనకున్న ముసలమ్మకు ఇచ్చి జీపెక్కాడు. దారిలో ఒక చోట జీపు ఆగితే, "ఇది ఏ ఊరు?" అని అడిగాడు. ఎదురుగా పలక ఉంది. దాని మీద ఆదోని అని మనిషెత్తు అక్షరాలున్నాయి. మరుసటి రోజు గురురాజ బజారుకు పోయి, అట్ట వేసిన పొడుగు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు.

"సెప్పు గనీ సాబ్, రాస్తా. ఎట్ల పెట్టాల్నో అంతా రాసి పెడితే వచ్చే ఏడు నువ్వు లేకున్నా జరుగుతాది."

"ఏం సెప్పాల?"

"ఒకటో నంబరు మిషను."

"అది మామూలుగానే."

గురురాజ మామూలుగానే అని రాసుకున్నాడు. "రెండోది?"

"అదీ అంతే. రవంత గట్టి."

పావుగంటలో ఎనిమిది మిషన్లూ అయిపోయాయి. గురురాజ పుస్తకం తీసుకుపోయి జయన్నకు ఇచ్చాడు. జయన్న పదేళ్లుగా మిషన్లకు పత్తి అందించే మనిషి, కూడబలుక్కుని చదవగలడు. గనీ వెళ్తే పానా పట్టుకోవలసింది అతనే. జయన్న మొదటి పేజీ చదివి, పానా చేతిలో పట్టుకుని, మిషను ముందర చాలాసేపు నిలబడ్డాడు.

"మామూలు అంటే ఎన్ని సుట్లన్నా?" అన్నాడు.

దాంతో గురురాజ ఆ పేజీలు చింపేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి గనీని అడగలేదు. గనీ బోల్టు తిప్పుతుంటే పక్కన నిలబడి చుట్లు లెక్కపెట్టి రాసుకున్నాడు. చుట్లు రాయడం సులభమే. కష్టమంతా సందు దగ్గర వచ్చింది. మిషనులో తోలు చుట్టిన రోలరు దూదిని లాగుతుంది. దాని పక్కన ఆడే కత్తికీ, దాని కింద జల్లెడలా ఉండే కమ్మీలకూ మధ్య కొంచెం సందు ఉండాలి. అది తక్కువైతే గింజ నలిగి దూదికి నూనె అంటుతుంది. ఎక్కువైతే దూది ఇంకా పట్టుకుని ఉండగానే గింజ కిందికి జారిపోతుంది. ఆ సందును గనీ దేనితో కొలుస్తాడో గురురాజ అంతవరకూ గమనించలేదు. గోడకు ఒక మేకు, మేకుకు ఒక దారం, దారానికి ఒక కాణీ ఉన్నాయి. దొరల కాలపు కాణీ, నడిమధ్యలో చిల్లు. గనీ దాన్ని సందులో దూర్చి, అటూ ఇటూ జరిపి, బోల్టు బిగించేవాడు.

గురురాజ రాసుకున్నాడు. నాటు పత్తికి కాణీ ఒక్కటే. వరలక్ష్మి పత్తికి గింజ పెద్దది గనుక కాణీ మీద అగ్గిపెట్టె అట్టముక్క.

పుస్తకం ఎండాకాలానికి పూర్తయింది. వానాకాలానికి తప్పయింది.

"నాలుగోదానికి ఏం చేసినావు గనీ సాబ్?"

"ఏం చేయల్యా."

"పుస్తకంలో రెండు సుట్లు అనుంది. ఈడ సూస్తే రెండున్నర."

"వానొచ్చిందికదప్పా. రోలరు తోలు ఉబ్బుతాది."

"అది నాకు సెప్పాల కదా."

"వానొస్తే అందరికీ కనబడతాది. సెప్పేదేముంది?"

సాయంత్రం గురురాజ పుస్తకం మూలకు బెజ్జం వేసి, గోనెసంచి కుట్టే పురికొసతో పానాను పుస్తకానికి కట్టేశాడు. ఇక బోల్టు తిప్పాలంటే పానా కావాలి, పానా కావాలంటే పుస్తకం మోసుకుపోవాలి. పుస్తకం వచ్చిందంటే దాని వెనకే గురురాజ వస్తాడు. గనీ రెండు రోజులు అలిగాడు. మూడో రోజు నుంచి, బోల్టు మీద పానా పెట్టక ముందే, "రాసుకోప్పా" అనడం అలవాటైంది. ఏ మార్పుకైనా పక్కన తారీకు వేసేవాడు గురురాజ.

డెబ్బై తొమ్మిది జనవరిలో గనీ భార్య దౌలత్‌బీతో బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాడు. నంబరు పదిహేడు. ఈసారి జీపు రాలేదు. కుడికంటికి ఆపరేషను చేసి, రెండు కళ్లకూ కట్టు కట్టి, మూడో తరగతి గదిలో మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. తలకు ఇటొకటి అటొకటి ఇసుక సంచులు పెట్టింది నర్సు మేరి.

"వారం దినాలు ఇట్లే. తల ఎత్తితే కుట్టు తెగుతాది. మళ్లా కుట్టేదానికి డాక్టర్లుండరు, పోతారు" అని చెప్పి తర్వాతి మంచానికి పోయింది.

ఒక రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. జీపు రాలేదు. రాకూడదనే పుస్తకం రాసింది. కానీ రాకపోయేసరికి గనీకి అన్నం సయించలేదు.

"కన్ను నొస్తాందా?" అని అడిగింది దౌలత్‌బీ.

"లేదు. బయట జీపు సప్పుడైనాదా?"

"కాలేదు."

"సరిగా ఇను."

"ఇరవై రెండేండ్లు ఇనే ఉండా ఆ సప్పుడు. కాలేదు. నీ పుస్తకం బాగుండాదేమో."

గనీ గోడ వైపు తిరగాలనుకున్నాడు. ఇసుక సంచులు అడ్డమొచ్చాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం జీపు వచ్చింది. ఆ చప్పుడు దౌలత్‌బీ కంటే ముందు గనీకి వినపడింది. గురురాజ, డ్రైవరు దుర్గప్ప లోపలికి వచ్చారు.

"ఎన్ని మిషన్లు?" అన్నాడు గనీ, పలకరింపు లేకుండా.

"ఎనిమిదీ" అన్నాడు గురురాజ.

గనీకి ఆకలైంది. దౌలత్‌బీని రొట్టె తెమ్మన్నాడు.

"మూడు దినాలు నువ్వు పెట్టిపోయినట్లే బాగానే నడిచింది. నిన్న వరలక్ష్మి అయిపోయి నాటు పత్తి వచ్చింది. జయన్న పుస్తకం సూసి అన్నీ మళ్లా పెట్టినాడు. రాత్రి నుంచి గింజ దూదితోనే పడతాండాది."

దుర్గప్ప అందుకున్నాడు. "సేటు నిన్ను జీపులో పండబెట్టుకోని తెమ్మన్యాడు సాబ్. ఎనక పరుపు ఏసినా. నిదానంగా పోతా."

"పరుపు ఏసింది ఈయప్ప. నేను పుస్తకం తెచ్చినా" అన్నాడు గురురాజ. రుమాలు విప్పి గుప్పెడు గింజలు గనీ అరచేతిలో పోశాడు.

గనీ బొటనవేలితో నలిపి చూశాడు. ఒక్కొక్క గింజకూ మెత్తగా పొర అంటుకునే ఉంది. "సందు ఎక్కువైంది."

"పుస్తకం ప్రకారమే పెట్టినాడు."

"అయితే నీ పుస్తకం తప్పు." ఆ మాట అనడానికి గనీ ఏడాదిగా కాచుకున్నట్టున్నాడు. మెల్లగానే అన్నాడు.

"ఏ గీత తప్పో సెప్పు. దిద్దుకోని పోతా."

మేరి ఆ సమయంలో గదిలో లేదు. గనీ చెయ్యి మంచం పట్టె మీదికి పోయింది. పట్టె పట్టుకుని లేస్తే లేవచ్చు. పరుపు ఉంది. సాయంత్రానికి మిల్లులో ఉండొచ్చు. గనీ వచ్చినాడు, ఇంక పర్లేదు అని సేటు నుంచి కూలోళ్ల దాకా అంటారు. ఆ మాట ఆయనకు ఇప్పుడే వినిపిస్తోంది. కుట్టు తెగిందంటే, ఏ ఊరు వచ్చిందో పక్కవాణ్ణి అడుక్కోవాలి, ఇక ఎప్పటికీ. చెయ్యి పట్టె మీదే కొంతసేపు ఉంది. తర్వాత దాన్ని తీసి పొట్ట మీద పెట్టుకున్నాడు.

"సదువు" అన్నాడు.

గురురాజ మొదటి మిషను నుంచి చదవడం మొదలుపెట్టాడు. చుట్లు, తోలు, కత్తి, సందు, తారీకులతో సహా. గదిలో పన్నెండు మంచాలున్నాయి. పన్నెండు మందికీ కళ్లకు కట్లే. వేరే పని లేదు గనుక అందరూ విన్నారు. పక్క మంచం మీద చిప్పగిరి రైతు ఒకాయన, "ఐదో నంబరుది మళ్లా ఒకసారి సదువప్పా" అని అడిగాడు. గురురాజ చదివాడు. ఎనిమిదో నంబరు అయ్యేసరికి గంట పట్టింది. గనీకి ఒక్క తప్పు దొరకలేదు.

"ఇంగేమన్నా రాసినావా?"

"ఒకటే ఉండాది, ఆఖర్న. నువ్వు బస్సెక్కిన దినం రాసినా." గురురాజ చదివాడు. "కాణీ అరిగిపోయినందున తీసివేసి, మంచి కాణీ కట్టడమైనది."

చిప్పగిరి రైతు "ఆఁ" అన్నాడు.

"ఎవురు కట్టమన్యారు?" అన్నాడు గనీ.

"పుస్తకమంతా దాని మీదే ఉండాదికదా, కొలత సక్కగా ఉండాలని. ఆ కాణీ మీద కిరీటం బొమ్మ కూడా లేదు గనీ సాబ్."

"కిరీటం నాకెందుకప్పా."

గనీయే మళ్లీ అన్నాడు, తనతో తాను అన్నట్టు. "ఇనుముకూ ఇనుముకూ మధ్య ఇరవై రెండేండ్లు. అరగదా మరి. నాకు తెల్దు అరిగినట్టు. గింజకు ఆ అరిగినదే సరిపోతాండె. కొత్తది మందమై సందు పెరిగింది." తర్వాత, "యాడుంది అది?"

గురురాజ జరిగింది చెప్పాడు. కొత్త కాణీ అతను ఇంట్లో తల్లి కమలాబాయి పూజ డబ్బీ నుంచి తీశాడు. ఆమె లెక్కకు పదకొండు చిల్లు కాణీలు ఉండాలి. అందుకని పాతదాన్ని బదులుగా అందులో వేశాడు. శుక్రవారం ఆమె పదకొండింటినీ చింతపండుతో తోమింది. ఇప్పుడన్నీ ఒకే తీరుగా మెరుస్తున్నాయి. అందులో సగం ఆమె అత్తగారి నాటివి, వాటి మీదా కిరీటాలు లేవు.

"డబ్బీ ఈడికే తీసుకరా" అన్నాడు గనీ.

"మరి పరుపు?" అన్నాడు దుర్గప్ప.

"దాని మీద పుస్తకం పండబెట్టుకోని పో."

మరుసటి పొద్దున జీపు మళ్లీ వచ్చింది. పూజ డబ్బీని డ్రైవరు చేతికి ఇవ్వడానికి కమలాబాయి ఒప్పుకోలేదు. తానే ఒళ్లో పెట్టుకుని వచ్చింది. మడి చీరతో, ఎవరికీ తగలకుండా, మంచాల మధ్య నడిచి గనీ దగ్గర నిలబడింది.

"బాగుండావా గనీ సాబ్?"

"బాగుండా అమ్మా. శ్రమ పెట్టినా."

"శ్రమ నువ్వేం పెట్టినావు, వీడు పెట్టినాడు. చెయ్యి సాపు."

గనీ అరచెయ్యి చాపాడు. ఆయన చేతిని తాకకుండా ఆమె జానెడు ఎత్తు నుంచి ఒక కాణీ వదిలింది. గనీ కాదన్నాడు. ఆమె రెండోది వదిలింది. కాదన్నాడు. కాదన్నవాటిని దౌలత్‌బీ మంచం మీద వేరుగా పెట్టింది. మూడు, నాలుగు, ఐదు. ఏడోది పడ్డప్పుడు గనీ వేళ్లు ముడవనే లేదు.

"ఇదే."

"పట్టి సూడకుండానే?" అన్నాడు గురురాజ.

"రాయి" అన్నాడు గనీ. "కాణీ అరిగితే అరగనీ. మార్చగూడదు. తారీకు ఎయ్యి."

మధ్యాహ్నానికి జయన్న ఎనిమిది మిషన్లూ మళ్లీ పెట్టాడు. సాయంత్రం గింజ బోడిగా పడిందని దుర్గప్ప వచ్చి చెప్పిపోయాడు. గనీ సరే అన్నాడు. ఆ రాత్రి రొట్టె ఒకటే తిన్నాడు, కానీ బాగా నిద్రపోయాడు. ఎనిమిదో రోజు మేరి కట్టు విప్పి, కంటికి అడ్డంగా ఒక మందం అద్దం పట్టి, "ఇవి ఎన్ని?" అని వేళ్లు చూపించింది. గనీ మూడు అన్నాడు. ఆ వేళ్లలో ఒకదాని మీద పాత కాలిన మచ్చ ఉందని కూడా చెప్పాడు.

నెలన్నర తర్వాత, అద్దాలు వచ్చాక, మిల్లుకు పోయాడు. సీసా అడుగంత మందం అద్దాలు. సీజను అప్పటికి చివరికొచ్చింది. ఆయన ముందుగా మేకు దగ్గరికి పోయి కాణీని చూశాడు. అది ఎంత పలచబడిందో మొదటిసారి కనిపించింది. తర్వాత ఒక్కొక్క మిషను దగ్గరా నిలబడ్డాడు. ఆరో నంబరు దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడు. అది ఎప్పుడూ మొండికేసేది. చెయ్యి దానంతటదే పానా కోసం పోయింది. పానాతో పాటు పుస్తకమూ వచ్చింది. పురికొస ఇంకా గట్టిగానే ఉంది.

గనీ వంగి కింద పడుతున్న గింజను రెండు వేళ్లతో తీసుకున్నాడు. నలిపాడు, అద్దాల దగ్గర పెట్టుకుని చూశాడు. దాని మీద పోగు కూడా లేదు. పత్తి అందిస్తున్న జయన్న తల ఎత్తలేదు.

"గురురాజప్పా, రాసుకో" అన్నాడు గనీ.

గురురాజ కలం తీసుకుని వచ్చాడు. "ఆరో నంబరు. సెప్పు, ఎన్ని సుట్లు?"

"సుట్లు లేవు. బాగుండాదని రాయి."

"బాగుంటే రాసేదేముంది గనీ సాబ్?"

"రాయప్పా. జయన్న పెట్టినాడని రాయి. తారీకు ఎయ్యి."