రాములవ్వ గోడ మీద ఎండ

మనిషిని చూసి మనిషి ఏడవడం లోకంలో ఉన్నదే. మట్టెవాడలో కంచరి పని చేసే కైలాసం మాత్రం పందొమ్మిది వందల ఎనభై నాలుగులో ఏకంగా సూర్యుణ్ణి చూసి ఏడ్చాడు. పొద్దున లేవగానే వాకిట్లో నిలబడి ఆకాశం వంక చూసేవాడు. మబ్బు పట్టి ఉంటే రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. ఎండ కాసిందా, ఆ పూట కూరలో ఉప్పు తక్కువ, చాయలో చక్కెర ఎక్కువ. అలిగితే అన్నం మిగులుతుందే తప్ప ఎండ తగ్గదని భార్య సమ్మమ్మ ఒకటి రెండుసార్లు చెప్పి చూసి, తర్వాత తన పని తాను చూసుకుంది.

ఆయన కడుపుమంటకు కారణం నాలుగిళ్ళ అవతల, లక్ష్మీనర్సమ్మ డాబా మీద ఉంది.

లక్ష్మీనర్సమ్మ యాభై దాటిన మనిషి. భర్త పోయాక పెరటి గదిని తానాల గదిగా మార్చి, ఆడవాళ్ళకు నూనె మర్దన చేసి వేడినీళ్ళు పోయడం మొదలుపెట్టింది. అది దవాఖాన కాదు, అలాగని ఉట్టి స్నానాల గదీ కాదు. పవర్‌లూముల దగ్గర నిలబడి నిలబడి కాళ్ళు వాచినవాళ్ళు, నాట్లు వేసి నడుములు పట్టేసినవాళ్ళు, బాలింతలు, నర్సంపేట నుంచి బస్సెక్కి వచ్చే కీళ్ళనొప్పుల ముసలమ్మలు, అందరూ ఆమె చేతి కిందికి వచ్చేవాళ్ళు. నువ్వుల నూనె పట్టించి, ఒళ్ళంతా పిసికి, వావిలాకు వేసి కాచిన నీళ్ళు వీపు మీద ధారగా పోస్తే, మూలుగుతూ వచ్చిన మనిషి కునికిపాట్లు పడుతూ వెళ్ళేది.

ఆ నీళ్ళు కాగేది కైలాసం చేసిన కాగులో. నలుగురు పట్టుకుంటే గాని లేవని ఆ రాగి కాగును పద్దెనిమిదేళ్ళ కింద ఆయన తన చేతులతో కొట్టి చేశాడు. ఏటా బతుకమ్మ పండుగకు వారం ముందు లక్ష్మీనర్సమ్మ కబురు పెట్టేది. కైలాసం చింతపండు, ఉప్పు, ఇటుకపొడి తీసుకుని వెళ్ళి, కాగుతో మొదలుపెట్టి ఆ ఇంట్లో ఉన్న రాగి అంతా తోమేవాడు. అతుకులు చూసేవాడు. పని అయ్యాక వాకిట్లో నులక మంచం వాల్చి, కంచు గ్లాసులో చాయ ఇచ్చి, వచ్చిన ఆడవాళ్ళందరూ వినేలా ఆమె ఒక మాట అనేది.

"కైలాసం చెయ్యి పడకుంటే నా ఇంట్ల నీళ్ళు కాగయి."

ఏడాదికి ఒక్కసారి వినే ఆ మాట మీద కైలాసం ఏడాదంతా బతికేవాడు. బజారులో స్టీలు గిన్నెలు వచ్చి కంచరి పని చచ్చిపోతున్నా, కొలిమిలో నిప్పు వారానికి రెండు రోజులే వెలుగుతున్నా, ఆ మాట ఉంది కదా అని మీసం దువ్వుకునేవాడు. ఇక ఆయనకు మిగిలింది అదొక్కటే.

ఆ మాటకు ఎసరు పెట్టినవాడు వెంకట్రాజం. ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో ఫిట్టరు, ముప్పై ఐదేళ్ళవాడు. అతని భార్య అనసూయ నడుమునొప్పితో మంచం పట్టినప్పుడు లక్ష్మీనర్సమ్మ నెలరోజులు మర్దన చేసి లేపి నిలబెట్టింది. కట్టెల పొగకు ఆమె దగ్గి దగ్గి పడిపోతుండటం వెంకట్రాజం అప్పుడే చూశాడు. ఉగాది తర్వాత ఆమె డాబా మీద ఒక పెట్టె తెచ్చి బిగించాడు. మంచమంత చెక్క పెట్టె, వాలుగా పెట్టి ఉంటుంది. పైన అద్దం, లోపల రాగి రేకు, రేకుకు అతికిన రాగి గొట్టాలు, అడుగున వేడి పోకుండా ఊక. పక్కన కాస్త ఎత్తులో గోనెలు చుట్టిన డ్రమ్ము. చల్లనీళ్ళు కింది నుంచి ఎక్కుతాయి, ఎండకు కాగి డ్రమ్ములోకి చేరుతాయి. కట్టె లేదు, పొగ లేదు. పన్నెండు దాటితే చెయ్యి పెట్టలేనంత వేడి.

వెంకట్రాజం వారానికోసారి వచ్చి అద్దం మీది దుమ్ము కడిగేవాడు. మన నీళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి నెలకోసారి కింది నల్లా విప్పి, గొట్టాల్లో పేరుకున్న తెల్లటి మడ్డి వదిలేవాడు. ఒకసారి ఒక అతుకు కారిందని తెలిసి కైలాసం ఆ రోజు పాయసం వండమన్నాడు. సమ్మమ్మ బెల్లం కోసం డబ్బా మూత తీసేలోపలే వెంకట్రాజం వచ్చి అతికేసి వెళ్ళిపోయాడు.

అంతవరకైనా కైలాసం ఓర్చుకునేవాడేమో. ఒకరోజు ఏదో వంకతో ఆ ఇంటికి వెళ్ళాడు. నులక మంచం మీద వెంకట్రాజం కూర్చుని ఉన్నాడు. చేతిలో కంచు గ్లాసు ఉంది. మూలకు నెట్టేసిన కాగులో బర్రె కోసం తవుడు పోసి ఉంది. తను చేసిన కాగులో, తవుడు. కైలాసం మంచినీళ్ళు కూడా తాగకుండా తిరిగి వచ్చేశాడు.

ఆ ఏడు బతుకమ్మకు వారం ఉందనగా ఆయన చింతపండు నానబెట్టుకుని కూర్చున్నాడు. కబురు రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోనాడు వచ్చింది, కానీ కాగు గురించి కాదు. కోతులు డాబా మీద కొట్లాడుకుని పెట్టె అద్దం పగలగొట్టాయట. వెంకట్రాజం బామ్మర్ది పెళ్ళికని నర్సంపేట పోయాడు, వచ్చేసరికి నాలుగు రోజులు. పండుగ ముందు తానాలకు వచ్చేవాళ్ళు ఎక్కువ. జర అద్దం ఒక్కటి బిగించి పొమ్మని లక్ష్మీనర్సమ్మ బతిమాలింది. ఆమె మోకాళ్ళకు నిచ్చెన ఎక్కే శక్తి లేదు.

కైలాసం అద్దంతో పాటు నానబెట్టిన చింతపండు కూడా పట్టుకుని వెళ్ళాడు. ఎందుకని అడిగితే తనకే తెలియదు. ఆ ఇంటికి ఆ వారంలో ఉట్టి చేతులతో వెళ్ళడం ఆయనకు అలవాటు లేదు, అంతే.

పైకెక్కి పగిలిన పెంకులు ఏరేశాక లోపలి రేకు కనబడింది. చూడగానే ఆయన ప్రాణం ఉసూరుమంది. రాగి అంతా నల్లగా ఉంది. ముందు మసి అనుకున్నాడు. ఆరు నెలలుగా ఎండకు మాడిన రాగిని ఒక్కసారైనా తోమే దిక్కు లేదు, దీనికి తోడు కంచు గ్లాసులో చాయ ఒకటి! దొరికావురా అనుకున్నాడు. మనసులో పండుగ అప్పుడే వచ్చేసింది.

చింతపండు రుద్దితే నలుపు పోలేదు. ఇటుకపొడి వేసి గట్టిగా రుద్దితే పొరలు పొరలుగా లేచింది. అక్కడ ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇది మసి కాదు, రంగు. ఎవరో పనిగట్టుకుని పూసిన రంగు. ముప్పై ఏళ్ళు రాగిని పట్టిన చేతికి ఆ మాత్రం తెలియకపోదు. ఎందుకు పూసి ఉంటాడని ఒక ప్రశ్న వచ్చింది. దాని వెనకే మంచం గుర్తొచ్చింది, కాగులో తవుడు గుర్తొచ్చింది. రాగి విలువ తెలియనివాడు పూసిన రంగు అని తనకు తానే జవాబు చెప్పుకుని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు.

మూడు గంటలు తోమాడు. కైలాసం తన బతుకులో అంత బాగా ఏ రాగినీ తోమలేదు. చివరికి రేకులో తన ముఖం కనబడింది, మీసంలో తెల్లవెంట్రుకలతో సహా. తృప్తిగా అద్దం పెట్టి, అంచులకు లప్పం పట్టించి, దిగి వచ్చి, తోమిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. వెంకట్రాజం వచ్చి చూడాలి, చూసి సిగ్గుపడాలి. ఆయన కోరికల్లా అదే.

మర్నాడు మధ్యాహ్నం నల్లా తిప్పితే నీళ్ళు గోరువెచ్చగా వచ్చాయి. ఎండ నిప్పులు చెరుగుతోంది, నీళ్ళు మాత్రం వేడెక్కలేదు. ఆ రోజు గుండయ్య కూతురు పద్మకు ఇరవై ఒకటో రోజు తానం. బాలింతకు ఆ నీళ్ళు ఎలా పోస్తారు? లక్ష్మీనర్సమ్మ కంగారుపడి కాగులోని తవుడు బస్తాకెత్తించి, పొయ్యి వెలిగించి, కైలాసానికి కబురు పెట్టింది.

ఆయన పరుగులాంటి నడకతో వచ్చాడు. కాగు తోమాడు, అతుకు చూశాడు. మంచం వాలింది, కంచు గ్లాసు వచ్చింది. పద్మ తల్లి, ఇంకో ఐదుగురు ఆడవాళ్ళు ఉండగా లక్ష్మీనర్సమ్మ పొగలో కళ్ళు తుడుచుకుంటూ ఆ మాట అననే అంది. కైలాసం చాయ అంత నెమ్మదిగా తాగడం ఎవరూ చూసి ఉండరు.

రెండో రోజూ అంతే. కట్టెలు పచ్చివి కావడంతో పొగ ఇల్లంతా కమ్మింది. లక్ష్మీనర్సమ్మ ఒక చేత్తో మర్దన చేస్తూ ఇంకో చేత్తో గుండె పట్టుకుని దగ్గింది. కైలాసం ఆ దగ్గు వినబడనట్టు మంచం మీద కూర్చున్నాడు.

మూడో రోజు పొద్దున లక్ష్మీనర్సమ్మ ఎదురింటి రాములవ్వ దారిలో ఆపింది. మేడ మీద కూర్చుని నూలు కండెలు చుట్టుకునే ముసలామె. రెండు మూడు రోజుల సంది పొద్దుటిపూట కళ్ళు తెరవనీయకుండా ఏదో వెలుతురు కొడుతున్నదని, ఏ పోగు ఏ రంగో తెలుస్తలేదని, జర వచ్చి చూడమని అడిగింది. కైలాసం మేడ ఎక్కాడు. సున్నం వేసిన గోడ మీద మంచమంత మేర ఎర్రటి వెలుగు పడి ఉంది. వెనక్కి తిరిగి చూస్తే, లక్ష్మీనర్సమ్మ డాబా మీద తను తోమిన రాగి ధగధగా మెరుస్తోంది.

ఆ వెలుగులో గోడ మీద చెయ్యి పెట్టాడు. గోడ వెచ్చగా ఉంది.

ఆ రంగు ఎందుకు పూశాడో కైలాసానికి అప్పుడు అర్థమైంది. నలుపు తాగవలసిన ఎండను తన రాగి ముఖం తిప్పి రాములవ్వ గోడకు పంపుతోంది. లక్ష్మీనర్సమ్మ నీళ్ళలో ఉండవలసిన వేడి ఇక్కడ సున్నం మీద పడి వృథా అవుతోంది. కిందికి పోయి ఒక్క మాట చెబితే సరిపోతుంది. ఆయన చెప్పలేదు. పాత చీర ఏదైనా కిటికీకి కట్టుకొమ్మని ముసలామెకు సలహా ఇచ్చి, వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. చాయ వచ్చింది. తాగితే చేదుగా ఉంది.

నాలుగో రోజు వెంకట్రాజం బస్సు దిగి నేరుగా వచ్చాడు. లక్ష్మీనర్సమ్మ ముఖం మాడ్చుకుని ఉంది. పెట్టె ఆరు నెలలకే చచ్చిందని, పండుగ పూట పదిమందిలో తన పరువు పోయిందని, ఎక్కి విప్పుకుని పొమ్మని చెప్పింది. అతను నిచ్చెన ఎక్కాడు. తర్వాత డాబా అంచు నుంచి తొంగిచూసి కైలాసం కాకను ఒకసారి పైకి పంపమన్నాడు.

కైలాసం ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. ఏం తిడతాడో, దానికి ఏం బదులు తిట్టాలో సిద్ధం చేసుకున్నాడు. వెంకట్రాజం పెట్టె పక్కన గొంతుక్కూర్చుని రేకు వంక చూస్తున్నాడు.

"కాకా, ఇంత మంచిగ తోమిన రాగిని నేను పుట్టి చూడలే," అన్నాడు. "నేను ఏడాది తోమినా నా చేతుల ఇట్ల మెరవది."

కైలాసం సిద్ధం చేసుకున్న తిట్లలో ఒక్కటీ పనికిరాలేదు.

"మెరిస్తే ఎండను పట్టదు కాకా. అందుకే నల్ల రంగు పూసిన." వెంకట్రాజం గొంతు తగ్గించాడు. "లక్ష్మీనర్సమ్మత్త అడుగుతది, ఏం చెప్పుమంటవో నువ్వే చెప్పు. ఎండకు రంగు పోయిందంటె గూడ నమ్ముతది."

తప్పించుకునే దారి అతనే చూపించాడు. ఆ మంచితనం చూసి కైలాసానికి ఇంకా ఒళ్ళు మండింది. వీడికి పని వచ్చు సరే, ఇది కూడా వచ్చా? కింద లక్ష్మీనర్సమ్మ మళ్ళీ దగ్గుతోంది. దగ్గు ఆగుతుందేమోనని ఆయన చూశాడు. ఆగలేదు. డాబా అంచుకు వెళ్ళి నిలబడ్డాడు. పెరట్లో పద్మ తల్లితో పాటు నలుగురు ఆడవాళ్ళు తల పైకెత్తారు.

"అక్కా," అన్నాడు. "ఈ పిలగాని తప్పేం లేదు. నా చెయ్యి పడ్డందుకే నీళ్ళు కాగలే."

లక్ష్మీనర్సమ్మ వంగి పొయ్యిలోంచి కట్టెలు బయటికి లాగి, వాటి మీద నీళ్ళు చల్లింది.

వెంకట్రాజం రంగు డబ్బా తెచ్చాడు. కుంచె తనే ముంచబోతుంటే కైలాసం అందుకున్నాడు. తన ముఖం కనబడుతున్న చోటు నుంచే మొదలుపెట్టి, అంచు దాకా, ఎక్కడా గీత పడకుండా పూశాడు. మొదట పూసినదానికంటే ఇది నున్నగా ఉందని మనసులో అనుకోకుండా ఉండలేకపోయాడు. అద్దం బిగించి దిగి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

వాకిట్లో మంచం ఎత్తి గోడకు నిలబెట్టి ఉంది. మూల దగ్గర లక్ష్మీనర్సమ్మ ఒక్కతే తవుడు బస్తాను కాగులోకి వంచబోతోంది. బస్తా బరువుకు ఒక పక్కకు జారుతోంది. కైలాసం వెళ్ళి బస్తా రెండో కొస పట్టుకున్నాడు.