నీడ వైపు బల్ల

రూబీకి పేరు తెచ్చిపెట్టిన కుర్చీ ఒకటుంది. బెంగళూరులో ఒక కాఫీ దుకాణాల కంపెనీ కోసం గీసింది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, కూర్చున్న పావుగంటకల్లా నడుం పట్టేస్తుంది. కాఫీ తాగినవాడు కబుర్లాడుతూ కూర్చోకుండా లేచిపోవాలి, కొత్తవాడు రావాలి. కంపెనీ కోరిందే అది. 2016 మే నెలలో సెలవు పెట్టి నరసన్నపేట దగ్గర సొంతూరికి వచ్చినప్పుడు, ఈ సంగతి మేనత్త అప్పలమ్మకి గొప్పగా చెప్పింది.

అప్పలమ్మ మిషను ఆసుపత్రిలో ముప్పయ్యేళ్లు ఆయాగా చేసిన మనిషి.

"ఏటీ, కూకున్నోల్ని లేపడానికి నీకు జీతమిత్తన్నారా? మన బస్టాపు ఆ పని ఊరికే సేత్తన్నాది" అంది.

మర్నాడు మధ్యాహ్నం మూడింటి బస్సుకి ఇద్దరూ వెళ్లారు. మాజీ సర్పంచి జగన్నాధం కట్టించిన స్టాపు అది. పడమటి మొగం. మధ్యాహ్నం దాటితే ఎండంతా లోపలికే. లోపల రెండు నల్లరాతి బల్లలు పెనాల్లా కాలుతున్నాయి. వాటికి పైన, గోడ నిండా ఎర్రటి అక్షరాల్లో జగన్నాధం పేరు. జనమంతా గోడ వెనక ఉన్న నాలుగడుగుల నీడలో నిలబడ్డారు. అక్కణ్నించి బస్సు కనపడదు. హారన్ వినపడగానే గోడ చుట్టి పరిగెత్తాలి. అందరూ పరిగెత్తారు. అప్పలమ్మ మోకాళ్లు పట్టుకుని నాలుగడుగులు వేసేసరికి బస్సు వెళ్లిపోయింది.

"ఇంకో గంటకి వస్తాదిలే" అని ఆవిడ మళ్లీ నీడలోకి వచ్చి నిలబడింది. రూబీకి మాత్రం తన కుర్చీ గుర్తొచ్చి మొహం వేడెక్కింది.

ఆ సాయంత్రమే కాగితం మీద గీసింది. ఒక బల్ల పొద్దుటివాళ్ల కోసం ముందరే ఉంటుంది, రెండోది గోడ వెనక్కి పోతుంది. కూర్చున్నవాళ్లకి రోడ్డు కనపడేట్టు గోడలో ఒక కిటికీ. అంతే పని. కాగితం పట్టుకెళ్లి జగన్నాధానికి చూపించింది.

"అందరూ ఎనకాల కూకుంటే నా పేరు ఎవులు సదువుతారమ్మీ?" అన్నాడాయన. "నానుండగా ఇటిక కదల్దు."

ఇంటికొస్తూ అప్పలమ్మ అంది: "అడగడమే నీ తప్పు. ముందర ఆడి పేరున్నాది. ఎనక గోడ కాళీయే కదా? ఆడి తల్లి జగ్గమ్మ పేరు రాసీ. అమ్మ పేరు కింద బల్లని ఏ కొడుకు పీకుతాడో నానూ సూత్తాను."

జగన్నాధం ఆదివారం రామతీర్థం వెళ్లాడని తెలిసింది. చర్చిలో ప్రార్థన అవగానే పాటల బృందంలోని నలుగురు మగవాళ్లు తెల్లచొక్కాల చేతులు మడిచి బల్ల ఎత్తారు. తాపీమేస్త్రీ సూరయ్య గోడకి ఉలి ఆనించి ఆగాడు.

"కేసవుతాదేటమ్మా?"

"అయితే నా పేరు చెప్పు" అంది రూబీ.

"నీ పేరుకేటి బయపడతారే! జగ్గమ్మ పేరు సెప్పమను" అంది అప్పలమ్మ.

ఎర్ర అక్షరాలకి గీత కూడా పడకుండా, వాటి కిందుగా కిటికీ తెరుచుకుంది. గోడ వెనక రూబీ నీలిరంగుతో రాసింది: 'కీ.శే. జగ్గమ్మ గారి జ్ఞాపకార్థం'. ఎవరి అనుమతీ లేకుండా చేస్తున్న మొదటి పని. నవ్వు ఆగటం లేదు.

సోమవారం మూడింటికి జగన్నాధం మోటారు సైకిలు కంటే ముందు ఆయన కేకలొచ్చాయి. గోడ చుట్టి వెనక్కొచ్చాడు. బల్ల మీద అప్పలమ్మతో కలిపి ఆరుగురు ఆడవాళ్లు, పక్కన రూబీ. ఒక్కరూ లేవలేదు. ఆయన గోడ మీదిది చదివాడు. మళ్లీ చదివాడు.

"ఎవుల్రాసినారిది?"

"నువ్వే రాయించినావనుకుంటన్నాం అన్నియ్యా" అంది అప్పలమ్మ, మొహంలో గీత మారకుండా. "జగ్గమ్మ పెద్దమ్మ మోకాళ్ల నొప్పులతో ఆసుపత్రికొచ్చీటప్పుడు ఇక్కడే నిలబడీది కదా. కొడుకు మరిసిపోనేదని అందరం సెప్పుకుంటన్నాం."

జగన్నాధం గోడ దగ్గరికి జరిగాడు. వంగి కిటికీలోంచి చూశాడు. దూరంగా బస్సు వస్తోంది. ఆడవాళ్లు తాపీగా లేచి సంచులు సర్దుకున్నారు. ఖాళీ అయిన బల్ల మీద ఆయన కూలబడి, రూబీ వేళ్లకంటిన నీలిరంగు కేసి చూశాడు.

"మాయమ్మ పేరు మరీ సన్నంగా ఉన్నాది. నా పేరంత సెయ్యి. రంగు నాను పంపిత్తాను."

రూబీ సెలవు వారం పొడిగించుకుంది. అక్షరాలు దిద్దుతుండగా పక్క ఊరి నూకయ్య వెతుక్కుంటూ వచ్చాడు.

"మా స్టాపూ ఇలాటిదేనమ్మా. గోడా కాళీయే. కానైతే అది కట్టించినాయన తల్లి ఇంకా బతికే ఉన్నాది. ఏటి సేద్దుం?"

రూబీ బ్రష్షు పట్టుకుని అత్త కేసి చూసింది.

"ఆవిడికి మోకాళ్ల నొప్పులున్నాయేటి?" అంది అప్పలమ్మ.

"ఉన్నాయి."

"మరింకేటి! రాయడం కూడా అక్కర్నేదు. ఆవిణ్నే తెచ్చి మూడింటికి ఎండలో నిలబెడదాం పద."